కార్పెట్ మెషీన్ నీళ్ళు చల్లుతోంది, తిరిగి పీల్చడం లేదు: ఎక్కడ వెతకాలి, ఎలా వాడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒంగోలులో ఇల్లు, హాల్లో 6×9 అడుగుల సింథటిక్ కార్పెట్. నీళ్ళు చల్లి వెంటనే పీల్చేసే ఇంటి మెషీన్ ఉంది. మొదట్లో బాగానే పనిచేసింది. ఈసారి బోరు నీళ్ళలో బట్టలుతికే పౌడరు కలిపి కడిగారు. నీళ్ళు పడుతున్నాయి గానీ తిరిగి ట్యాంకులోకి రావడం లేదు. స్ప్రే కూడా ఒక పక్కకే కొడుతోంది. రెండో రోజుకీ కార్పెట్ తడి ఆరక ముక్కిన వాసన వస్తోంది. మోటారు పోయిందా, కొత్తది కొనాలా అన్నది మీ ప్రశ్న.

కొనక్కర్లేదు. మోటారు శబ్దం మామూలుగానే మొదలై కాసేపటికి కీచుగా మారుతోందని రాశారు. అది మోటారు పోయిన లక్షణం కాదు, గాలి దారి మూసుకుపోయిన లక్షణం. పౌడరు నురగ మురికి నీళ్ళ ట్యాంకులోని ఫ్లోట్ అనే తేలే బుడ్డిని పైకి లేపి సక్షన్ (పీల్చుడు) ఆపేస్తోంది. స్ప్రే వంకర పోవడానికి కారణం బోరు నీళ్ళ గార, లేదా కరగని పౌడరు పలుకు. వాసనకి కారణం కార్పెట్‌లో మిగిలిపోయిన సబ్బు నీళ్ళు. మూడూ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ముందు పీల్చడం బాగుచేయండి, సబ్బు సంగతి తర్వాత. నీళ్ళు చల్లినంత మాత్రాన కార్పెట్ శుభ్రం కాదు. మురికి ఆ నీళ్ళతో కలిసి బయటికి రావాలి. సక్షన్ సరిగ్గా లేకుండా కడిగితే పైనున్న మురికి కరిగి అడుగుకి దిగి కూర్చుంటుంది, అంటే కడగకముందు కన్నా అధ్వాన్నం.

మెషీన్ విప్పే ముందు కార్పెట్ సంగతి చూడండి, అది ఆగదు. నేల మీద నుంచి లేపి రెండు మూడు కుర్చీల మీద గాలి కింద నుంచి కూడా తగిలేలా వేయండి. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే చాలదు, టేబుల్ ఫ్యాన్ కార్పెట్‌కి పక్క నుంచి, ఉపరితలాన్ని రాసుకుంటూ గాలి పోయేట్టు పెట్టండి. తడి 24 నుంచి 48 గంటలు నిలిస్తే బూజు మొదలవుతుంది. వెనక వైపు తిప్పి చూసి నల్ల చుక్కలు కనబడితే వాసన కడుగుడుతో పోదు. చుక్కలు లేకపోతే కార్పెట్ దక్కినట్టే. మెషీన్ బాగయ్యాక ఉత్త నీళ్ళతో రెండు మూడు సార్లు జాడించాలి. ఎంతవరకు అంటే, మురికి ట్యాంకులోకి వచ్చే నీళ్ళలో నురగ ఆగిపోయేదాకా.

సక్షన్ ఎక్కడ పోతోందో పట్టుకోవడం

ఫ్లోట్ అంటే మురికి ట్యాంకు లోపల పైకీ కిందకీ కదిలే చిన్న ప్లాస్టిక్ బుడ్డి. ట్యాంకు నిండితే అది తేలి, మోటారుకి పోయే గాలి రంధ్రాన్ని మూస్తుంది, నీళ్ళు మోటారులోకి పోకుండా కాపాడటానికి. నీళ్ళు పావు ట్యాంకే ఉన్నా నురగ పైదాకా వస్తే కూడా అది లేస్తుంది. ఒకసారి మూసుకున్నాక మోటారు లాగుడుకే అతుక్కుని ఉండిపోతుంది. కాబట్టి స్విచ్ ఆపి అర నిమిషం ఆగితేనే కిందికి పడుతుంది. ట్యాంకు తీసి, ఫ్లోట్‌నీ దాని చుట్టూ ఉన్న గూడునీ పాత టూత్‌బ్రష్‌తో కడగండి. జుట్టు చుట్టుకుని, సబ్బు జిగురు పట్టి, పైనే ఇరుక్కుపోయే ఫ్లోట్లు చాలా ఉంటాయి. ట్యాంకును తలకిందులు చేసి ఊపితే టకటకా కదలాలి.

ఫ్లోట్ శుభ్రం చేశాక కూడా సక్షన్ రాకపోతే చెవితో పరీక్ష చేయండి. గొట్టం చివరి నాజిల్ పీకేసి, మెషీన్ ఆన్ చేసి, గొట్టం మూతిని అరచేత్తో రెండు మూడు సెకన్లు మూయండి, అంతకు మించి వద్దు. అరచేతిని గట్టిగా లాగి, మోటారు శబ్దం కీచుగా పైకి పోయిందంటే అక్కడిదాకా దారి బాగుంది, తేడా నాజిల్‌లో ఉంది. చెయ్యి పెట్టినా శబ్దం మారలేదు, లాగుడు కూడా లేదంటే, మధ్యలో ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. అది మూత వాషర్ కావచ్చు, గొట్టం చిల్లు కావచ్చు. చెయ్యి పెట్టకముందే శబ్దం కీచుగా ఉండి లాగుడు లేకపోతే దారి ఎక్కడో మూసుకుపోయింది. గాలి కదలనప్పుడు లోపలి ఫ్యాన్‌కి బరువు తగ్గి వేగంగా తిరుగుతుంది. శబ్దం పెరిగేది అందుకే. మీ మెషీన్ కాసేపటికి కీచుమంటోందన్నారు కాబట్టి మీది ఈ మూడో రకం.

తర్వాత గొట్టాన్ని మెషీన్ దగ్గర కూడా ఊడదీసి, ట్యాంకులోకి వెళ్ళే మూతి దగ్గర అదే పరీక్ష చేయండి. అక్కడ లాగుడు బాగుండి గొట్టం చివర లేకపోతే గొట్టంలోనే అడ్డం ఉంది. ఎక్కువగా పట్టేసేది వంపు ఉన్న చోట, అంటే మెషీన్‌కి తగిలించే మోచేయి ముక్కలోనూ, చేతి పిడి మెడలోనూ. జుట్టు, కార్పెట్ నూగు, సబ్బు కలిసి బంక ముద్దలా తయారవుతాయి. ఇనుప తీగ పెట్టి పొడవకండి, మడతల గొట్టానికి చిల్లు పడుతుంది, పక్కనే పోయే సన్నటి స్ప్రే ట్యూబు కూడా తెగుతుంది. గొట్టాన్ని వెనక్కి తిప్పి, ట్యాంకు వైపు మూతిలో గోరువెచ్చని నీళ్ళు పోసి ఊపండి. రాకపోతే నైలాన్ తాడు చివర గుడ్డ ముడి వేసి ఈ చివర నుంచి ఆ చివరికి లాగండి.

మూత వాషర్‌కి కాగితం పరీక్ష ఉంది. న్యూస్‌పేపర్ సన్నని పట్టీ కత్తిరించి, మురికి ట్యాంకు మూత అంచులో పెట్టి మూత బిగించి లాగండి. బిగుతుగా ఉంటే సరే. సులువుగా జారి వచ్చిన చోట వాషర్ పట్టడం లేదు. చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. ఇసుక పలుకు ఒక్కటి వాషర్ కింద ఉన్నా చాలు, సక్షన్ పడిపోతుంది. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లకి వెళ్ళొచ్చి ఆ ఇసుకను మెషీన్‌తో లాగినవాళ్ళకి ఇది తరచూ వచ్చే సమస్య. వాషర్ తీసి, గాడి తుడిచి, వాషర్‌కి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెట్టండి. కొబ్బరి నూనె, వ్యాజిలిన్ రాయొద్దు. మొదట మెత్తగా అనిపించినా కొన్ని రకాల రబ్బరు వాటితో ఉబ్బి గాడిలో కూర్చోదు.

నాజిల్ విషయం సులువు. పారదర్శకంగా ఉండే ముందు ముక్క చాలా మోడళ్ళలో ఊడి వస్తుంది. లోపల అతుక్కున్న నూగు తీసేసి, పెదవి అంచు సమంగా ఉందో లేదో చూడండి. అంచు విరిగినా, నొక్కు పడినా అది కార్పెట్‌కి ఆనదు, గాలి పక్కల నుంచి పోతుంది. నాజిల్ తగిలించి నున్నటి టైల్ మీద పెట్టి చూడండి. అక్కడ గట్టిగా అతుక్కుని కార్పెట్ మీద మాత్రం పీల్చకపోతే మెషీన్ తప్పు కాదు. నాజిల్‌ని మీరు పైకెత్తి పట్టుకుంటున్నారు, లేదా మరీ వేగంగా లాగుతున్నారు.

ఒక్క విషయంలో మాత్రం వెంటనే ఆపేయాలి. వెనక గాలి బయటికి వచ్చే జాలీ నుంచి నీటి తుంపర్లు గానీ నురగ గానీ వస్తే నీళ్ళు మోటారు దాకా చేరాయని అర్థం. ప్లగ్ పీకండి. ట్యాంకు ఖాళీ చేసి, ఫోమ్ ఫిల్టర్ ఉంటే పిండి ఆరబెట్టి, మెషీన్‌ని ఒక రోజంతా గాలికి వదలండి. ఆ తర్వాత ట్యాంకులు ఖాళీగా ఉంచి పది పదిహేను నిమిషాలు ఉత్త గాలి లాగించండి. అప్పుడు గరగర శబ్దం వస్తే బేరింగ్ తుప్పు పట్టింది.

స్ప్రే తగ్గితే: ముందు మెషీన్‌ని కాదు, నీళ్ళని అనుమానించండి

మన జిల్లాల్లో బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగానో, గట్టిగానో ఉంటాయి. గీజర్ రాడ్‌కి తెల్లగా పట్టే గారే ఇక్కడ స్ప్రే టిప్ (నీళ్ళు చిమ్మే చిన్న కొన) లోని సన్నటి రంధ్రానికీ, పంపు వాల్వుకీ పడుతుంది. వాడిన తర్వాత పంపులో మిగిలిన కొద్దిపాటి నీళ్ళు ఆరిపోతే గార గడ్డకడుతుంది. తరచూ వాడే మెషీన్ కన్నా ఆరు నెలలు అటక మీద ఉన్న మెషీన్‌కే స్ప్రే ముందు చెడేది ఇందువల్లే.

వరుసగా చూడండి. మంచి నీళ్ళ ట్యాంకు మూతని పావు వంతు వదులు చేసి ట్రిగ్గర్ నొక్కండి. స్ప్రే వెంటనే పెరిగితే మూతలో గాలి లోపలికి వచ్చే సూది రంధ్రం మూసుకుంది, కడిగేస్తే చాలు. పెరగకపోతే ట్యాంకు అడుగున ఉన్న జాలీ ఫిల్టర్ చూడండి. మీ పౌడరు పలుకులు అక్కడే ఉంటాయి. ఆ తర్వాత స్ప్రే టిప్. దాన్ని ఊడదీసి వెనిగర్‌లో అరగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. పిన్నీసు, సూది గుచ్చొద్దు. రంధ్రం ఆకారం మారితే విసనకర్రలా విచ్చుకోవాల్సిన నీళ్ళు ధారలా పడతాయి, ఇక ఆ టిప్ పనికిరాదు.

పంపు బుర్రుమంటోంది గానీ నీళ్ళే రాకపోతే గాలి పట్టింది. నీళ్ళు అయిపోయాక కూడా ట్రిగ్గర్ నొక్కుతూ ఉంటే ఇలా అవుతుంది. ట్యాంకుని నిండా నింపి గట్టిగా కూర్చోబెట్టి, నాజిల్‌ని ట్యాంకు కన్నా కిందికి దించి నిమిషం పాటు ట్రిగ్గర్ నొక్కి ఉంచండి. ట్యాంకు అడుగున స్ప్రింగు వాల్వు ఉంటుంది. ట్యాంకు పూర్తిగా దిగకపోతే అది తెరుచుకోదు, పంపుకి చుక్క అందదు.

గార తీయడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు గోరువెచ్చని మంచినీళ్ళకి రెండు టేబుల్ స్పూన్లు వేసి పూర్తిగా కరిగించి, గుడ్డలో వడకట్టి పోయండి. బకెట్‌లోకి సగం కొట్టి, ఆపి, అరగంట ఉంచి, మిగతా సగం కొట్టండి. తర్వాత రెండు లీటర్ల ఉత్త నీళ్ళు కొట్టించండి. నిమ్మ ఉప్పు బదులు తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో వాడొచ్చు. బాత్రూము యాసిడ్ మాత్రం అసలు వద్దు, పంపు లోపలి స్ప్రింగులు తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరు గానీ బ్లీచ్ గానీ ఇంతకు ముందు ఆ ట్యాంకులో వాడి ఉంటే బాగా కడగనిదే వెనిగర్, నిమ్మ ఉప్పు పోయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గాలి వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. ఈ పని ఇంటి లోపల చేస్తే నేల ఏ రాయో చూసుకోండి. గ్రానైట్ తట్టుకుంటుంది. పాలరాయి, బేతంచెర్ల బండలు, కడప బండలు సున్నపు జాతివి కాబట్టి చుక్క పడినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. బాత్రూములోనో పెరట్లోనో చేయడం మంచిది.

ఇదంతా మళ్ళీ రాకుండా ఉండటానికి చవకైన దారి ఒకటుంది. కార్పెట్ కడగడానికి బోరు నీళ్ళే వాడినా, చివర్లో అర లీటరు ఆర్వో నీళ్ళో, క్యాను నీళ్ళో పోసి పంపు గుండా కొట్టించేయండి. లోపల మిగిలేది ఆ నీళ్ళే కాబట్టి ఆరినా గార పట్టదు. ఆఖరి జాడింపుకి కూడా క్యాను నీళ్ళు వాడితే కార్పెట్ ఆరాక అట్టలా బిగుసుకోదు.

సబ్బు ఎంత, ఏది

బట్టల పౌడరు, గిన్నెలు తోమే లిక్విడ్, తల షాంపూ మూడూ వద్దు. నురగ ఒక్కటే కారణం కాదు. పౌడరులో సోడా ఎక్కువ. బట్టల్ని అయితే రెండు మూడు నీళ్ళలో జాడిస్తాం, కార్పెట్‌ని అలా జాడించలేం. మిగిలిపోయిన సబ్బు జిగురై, గాలిలో తేమ లాగి, నడిచినవాళ్ళ కాళ్ళ మురికంతా పట్టుకుంటుంది. కడిగిన నెలకే ముందు కన్నా నల్లబడే కార్పెట్లు ఇలాంటివే. పైగా గట్టి నీళ్ళలో సబ్బు తెల్లటి తెట్టుగా మారి నూలులో ఇరుక్కుంటుంది.

కార్పెట్, సోఫా మెషీన్లకని అమ్మే తక్కువ నురగ లిక్విడ్ కొనండి. సీసా మీద రాసిన కొలతే కొలత. ఒక్కో కంపెనీ గాఢత ఒక్కోలా ఉంటుంది. రాసిన దానికన్నా సగంతో మొదలుపెట్టండి. చాలా కార్పెట్లకి అదే సరిపోతుంది, మరీ మురికైన నడక దారికి మాత్రం పూర్తి కొలత వేయండి. ఒకవేళ మురికి ట్యాంకులో నురగ లేస్తుంటే ఖాళీ ట్యాంకులో రెండు చెంచాల వెనిగర్ ముందే పోసి ఉంచండి, కొంత అణుగుతుంది. నురగ అణచడానికే అమ్మే డీఫోమర్ దొరికితే ఇంకా మంచిది.

నీళ్ళ వేడి విషయంలో మన దగ్గర ఒక వెసులుబాటు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు వేడిగానే వస్తాయి, అవి చాలు. మరిగించిన నీళ్ళు పోస్తే ట్యాంకు వంకర పోతుంది, పంపు సీళ్ళు పాడవుతాయి. ఉన్ని కార్పెట్ అయితే చల్లటి నీళ్ళే వాడాలి, సోడా లేని, ఉన్నికి పనికొస్తుందని రాసి ఉన్న లిక్విడ్ మాత్రమే వాడాలి.

కడిగే తీరు

తడి చేయకముందు పొడిగా దుమ్ము తీయడం సగం పని. చీమకుర్తి చుట్టుపక్కలా, ఒంగోలులో గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గరా ఉండే ఇళ్ళలో కార్పెట్ అడుగున చేరేది మామూలు దుమ్ము కాదు, సన్నటి రాతి పొడి. అది పొడిగా ఉన్నప్పుడు దులిపితే రాలిపోతుంది. తడిపితే సిమెంటు పాలలా నూలు అడుగుకి జారి, గొట్టంలో, నాజిల్‌లో బురదగా పేరుకుంటుంది. కార్పెట్‌ని పిట్టగోడ మీద వెనక వైపు పైకి వేసి కర్రతో కొట్టండి, తర్వాత రెండు వైపులా మామూలు వ్యాక్యూమ్ పెట్టండి. ఆ మామూలు వ్యాక్యూమ్‌తో మాత్రం ఎప్పుడూ నీళ్ళు పీల్చకండి, దాని మోటారు తడికి చేసింది కాదు.

రంగు పరీక్ష కూడా పొడి దశలోనే చేయండి. మూలలో కొద్దిగా సబ్బు నీళ్ళు పోసి తెల్ల గుడ్డతో నిమిషం సేపు అదిమి చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ కార్పెట్ మెషీన్‌కి పనికిరాదు.

ట్రిగ్గర్ నొక్కి నాజిల్‌ని మీ వైపు మెల్లగా లాగండి. అడుగు దూరానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. ట్రిగ్గర్ వదిలేసి అదే దారిలో ఉత్త పీల్చుడు. ఒక తడికి కనీసం రెండు పొడి లాగుళ్ళు, నాజిల్ అద్దంలో నీటి చుక్క పరుగు ఆగేదాకా. పక్క వరస మొదలుపెట్టేటప్పుడు పాత వరస మీదికి మూడో వంతు ఎక్కేలా చూడండి. చాలామంది మురికి పోలేదని ఒకేచోట ఐదారుసార్లు చల్లుతారు. అప్పుడు నీళ్ళు నూలు దాటి అడుగు గుడ్డలోకీ దాని కింది రబ్బరు పొరలోకీ దిగుతాయి, అక్కడిదాకా ఈ చిన్న మోటారు అందుకోలేదు. మొండి మచ్చ ఉంటే మొదటిసారి చల్లి ఐదు పది నిమిషాలు ఊరనిచ్చి, బ్రష్‌తో మెత్తగా రుద్ది అప్పుడు లాగండి. మొత్తం పూర్తయ్యాక సబ్బు లేని నీళ్ళతో మరోసారి అంతా చేయాలి. ఇది మానేయొద్దు.

మీ 6×9 కార్పెట్‌కి సబ్బు నీళ్ళు మూడు నాలుగు లీటర్లు, జాడించడానికి మరో మూడు లీటర్లు చాలు. పోసిన నీళ్ళు, తిరిగి వచ్చిన నీళ్ళు కొలవడం అలవాటు చేసుకోండి. పోసిన నాలుగు లీటర్లలో మూడు తిరిగి వస్తే మెషీన్ బాగుంది. పొడి కార్పెట్ మొదటి విడతలో కొంత తాగేస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గినా కంగారు పడనక్కర్లేదు. సగం కన్నా తక్కువ వస్తే ఇంకో చుక్క కూడా చల్లకుండా ఆపి, పైన చెప్పిన సక్షన్ పరీక్షలకి వెళ్ళండి. ఈ ఒక్క కొలత పెట్టుకుంటే మీకు ఈసారి వచ్చిన వాసన సమస్య రాదు.

ఎప్పుడు కడగాలి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన వైపు గట్టిగా ఉంటాయి. ఆ మూడు నెలలూ పెద్ద కార్పెట్ జోలికి పోవద్దు, మరక పడితే ఆ మరక వరకే కడగండి. జనవరి చివరి నుంచి మే వరకు అనువైన కాలం. ఉదయం ఎండ పొడొచ్చాక మొదలుపెట్టి పదకొండులోపు ముగించండి. తీరానికి దగ్గరున్న ఊళ్ళలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తేమ తెస్తుంది. పడమటి గాలి వీచే రోహిణి కార్తెలో గంటల్లో ఆరిపోతుంది గానీ నేరుగా ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. వెనక వైపు ఎండకి పెట్టండి. ఏ కాలమైనా ఆరు నుంచి పన్నెండు గంటల్లో ఆరాలి. అంతకన్నా ఎక్కువ పట్టిందంటే నీళ్ళు ఎక్కువ చల్లారు, లేదా తక్కువ పీల్చారు.

ఆరాక పోయిన మరక మళ్ళీ పైకి తేలడం మెషీన్ లోపం కాదు. అడుగున మిగిలిన మురికి, తడి ఆరేటప్పుడు నూలు వెంట పైకి ఎక్కుతుంది. ఆ చోట కొద్దిగా ఉత్త నీళ్ళు చల్లి, బాగా పీల్చి, తెల్ల టవల్ మడతపెట్టి వేసి దాని మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. మురికి టవల్‌లోకి ఎక్కుతుంది.

మన వంటల మరకల్లో పసుపుది ప్రత్యేకమైన తీరు. సాంబారో, చేపల పులుసో ఒలికిన చోట సోడా ఉన్న సబ్బు తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. రంగు పోయిందని భయపడి గట్టిగా రుద్దకండి. వెనిగర్ నీళ్ళు తగిలితే ఆ ఎరుపు మళ్ళీ పసుపవుతుంది, మిగిలిన పసుపు ఎండకి క్రమంగా వెలిసిపోతుంది. పులుసులో నూనె ఎక్కువ కాబట్టి ముందు టాల్కం పౌడరు చల్లి గంటసేపు ఉంచి దులపాలి, ఆ తర్వాతే తడి. పాలు, పెరుగు, గుడ్డు, రక్తం ఇవన్నీ చల్లటి నీళ్ళతోనే. వేడి తగిలితే అవి నూలులో గడ్డకట్టుకుంటాయి. పిల్లల మూత్రం వాసన వాన కాలంలో మళ్ళీ మళ్ళీ లేస్తుంటే సబ్బు చాలదు, ఎంజైమ్ క్లీనర్ పోసి సీసా మీద చెప్పినంత సేపు తడిగా ఉంచి అప్పుడు పీల్చాలి.

మెషీన్ పెట్టకూడని కార్పెట్లు కొన్ని ఉన్నాయి. ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మే విస్కోస్ రకం నీళ్ళు తగిలితే పసుపెక్కి నూలు చదునుగా పడిపోతుంది. అసలు పట్టు, జనపనార, కొబ్బరి పీచు రకాలూ వద్దు. వరంగల్ దర్రీలు, నూలు జంపఖానాలు రంగు వదలొచ్చు, ముడుచుకోవచ్చు. వాటిని విడిగా చేత్తో ఉతకడమే మేలు. ఏలూరు ఉన్ని తివాచీలు చేత్తో చేసినవి, రంగు పరీక్ష తప్పనిసరి. ఏ నూలో తెలియకపోతే వెనక నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఉన్ని గానీ పట్టు గానీ. కరిగి పూసలా గట్టిపడితే సింథటిక్, మెషీన్‌కి అన్నిటికన్నా అనువైనది. కాగితం కాలిన వాసన వస్తే పత్తి నూలో, విస్కోసో, జనపనారో. దానికి దూరంగా ఉండండి.

కరెంటు సంగతి. ఈ మెషీన్లలో పెద్దవి 1400 వాట్ల దాకా ఉంటాయి, అంటే 6 ఆంపియర్ల పైన. చిన్న ప్లగ్గులోనో, సన్నటి వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో పెట్టకుండా ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల పాయింటులో పెట్టండి. నీళ్ళతో పని కాబట్టి ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండటం చాలా అవసరం. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడపొద్దు. వోల్టేజీ పడిపోయే వేళల్లో సక్షన్ కూడా పడిపోతుంది, అది మెషీన్ జబ్బు అనుకోకండి. అమెరికా నుంచి పిల్లలు పంపిన మెషీన్ అయితే వెనక స్టిక్కర్ చదవండి. 120 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చే అడాప్టర్ పెట్టి మన 230కి తగిలిస్తే క్షణాల్లో కాలిపోతుంది. మెషీన్ వాట్ల కన్నా ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాంతో నడిచినా, వాళ్ళ 60 హెర్ట్జ్‌కి చేసిన పంపు మన 50 హెర్ట్జ్ మీద స్ప్రే కాస్త తక్కువ కొట్టొచ్చు.

నడుస్తూ నడుస్తూ మొత్తం ఆగిపోతే చాలా మెషీన్లలో వేడికి కట్ అయ్యే రక్షణ ఉంటుంది. ప్లగ్ పీకి గంటసేపు చల్లారనిచ్చి, అడ్డం ఎక్కడుందో చూసి మళ్ళీ పెట్టండి. తిరిగే బ్రష్ ఉన్న నిలువు రకంలో బ్రష్ ఆగిపోతే ముందు రెండు చివర్లా చుట్టుకున్న జుట్టు, దారాలు కత్తిరించండి, అప్పటికీ తిరగకపోతే బెల్టు చూడండి.

పని అయ్యాక లీటరు మంచినీళ్ళు బకెట్‌లో పెట్టి గొట్టంతో పీల్చించి లోపలి మురికి కడిగేయండి. మురికి ట్యాంకులోని నూగు, జుట్టు చెత్తబుట్టలోకి, సింకులో పోస్తే అక్కడ పట్టేస్తుంది. రెండు ట్యాంకులూ మూత తీసి, గొట్టం నిలువుగా వేలాడదీసి ఒక రోజు ఆరనివ్వండి. దాచేటప్పుడు గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టండి, బొద్దింకలు దూరకుండా ఉంటాయి, గాలీ ఆడుతుంది.

ఇవన్నీ చూశాక కూడా సక్షన్ రాకుండా, మోటారు శబ్దమే నీరసంగా ఉండి, లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనబడుతూ కాలిన వాసన వస్తే, అప్పుడు మోటారు అనుమానం సరైనదే. చాలాసార్లు అరిగేది కార్బన్ బ్రష్షులే, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు. మిక్సీలు బాగుచేసేవాళ్ళు, మోటారు వైండింగ్ చేసేవాళ్ళు కొలత చూసి వేస్తారు. కొత్తది వారంటీలో ఉంటే మాత్రం బయట విప్పించకండి, కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. రిపేరుకి వెళ్ళేటప్పుడు వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు, వోల్టేజీ ఫొటో తీసుకుని, పాత బ్రష్షు లేదా పాత వాషర్ చేతిలో పట్టుకెళ్ళండి. వాషర్ లోపలి వ్యాసం, మందం రెండూ సరిపోతేనే కొనండి. దాదాపు సరిపోయింది అన్న వాషర్ మళ్ళీ గాలి లాగుతుంది.